బోర్లా పడుకోవడమా, ఊతకర్ర పట్టడమా: కాలినడక జింకల వేటలో ఏది మేలు?

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం కనుక, ఈ పోలిక స్కాట్లండ్ కొండలకూ అడవులకూ పరిమితం. తోడేళ్లు ఏనాడో అంతరించిన ఆ దేశంలో రెడ్ డీర్ అనే పెద్ద జింకల, రో అనే చిన్న జింకల సంఖ్యను అదుపులో ఉంచడానికి రైఫిల్ తప్పడం లేదు. నక్కి నక్కి నడుస్తూ వాటిని సమీపించే వేటను అక్కడ స్టాకింగ్ అంటారు.

ఏ భంగిమ ఎంత నిలకడైనదో తెలుసుకోవడానికి బ్రిటన్‌లో ఈ వేటకు ఇచ్చే మొదటి స్థాయి ధ్రువపత్రపు పరీక్షే మంచి కొలబద్ద. జింక బొమ్మపై బోర్లా పడుకుని 100 మీటర్ల నుంచి, కూర్చునో మోకాలిపై నిలిచో 70 మీటర్ల నుంచి కాల్చాలి. నిలబడి కాల్చేటప్పుడు కర్రల ఊత తీసుకోవచ్చు గానీ దూరం 40 మీటర్లే.

చెట్లు లేని కొండమీద పడుకుని కాల్చడానికి సాటి లేదు. అయితే రైఫిల్‌ను దేనిపై ఆనించాలి? రైఫిల్ ముందుభాగం కింద బిగించే రెండు కాళ్ల బైపాడ్ గట్టి నేలమీద చక్కగా నిలుస్తుంది గానీ, హెదర్ అనే గుబురు కొండపొదల్లో దాని పొట్టి కాళ్లు కూరుకుపోతాయి, పాకుతున్నప్పుడు కొమ్మలకు తగులుకుంటాయి. వీపున ఎలాగూ ఉండే సంచిని అడ్డంగానో నిలువుగానో పెట్టుకుంటే కావలసిన ఎత్తు, మెత్తదనం రెండూ దొరుకుతాయి కనుక నా ఓటు సంచికే. దానిపై రైఫిల్ ముందుభాగపు కొయ్యను ఆనించాలే తప్ప గొట్టాన్ని ఆనించకూడదు. గొట్టానికి ఏదైనా తగిలితే తూటా పడే చోటు మారుతుంది. మరొక ప్రమాదం కంటికి కనబడనిది. గురి చూసే దుర్భిణి రైఫిల్ గొట్టానికి నాలుగైదు సెంటీమీటర్ల పైన ఉంటుంది కనుక, అందులోంచి జింక స్పష్టంగా కనిపిస్తున్నా, గొట్టం ఎదుట ఉన్న మట్టిదిబ్బకు తూటా తగలవచ్చు.

పొదలు ఎత్తుగా ఉండి, పడుకుంటే జింక కనబడని చోట కూర్చోవడమే గతి. మోచేతి ఎముకను మోకాలిచిప్పపై పెడితే ఎముకమీద ఎముక జారుతుంది. మోచేతికి పైనున్న కండను మోకాలికి కాస్త ముందుకు ఆనిస్తే కుదురుతుంది. మోకాలిపై నిలిచి కాల్చడంలో ఒక్క మోచేతికే ఆధారం ఉంటుంది కనుక దాన్ని తొందరపాటు వేళకే వదిలేస్తాను.

స్ప్రూస్ అనే సూదిఆకు చెట్ల తోటల్లో రో జింక కోసం నిలబడక తప్పదు. ఊతగా పెట్టుకునే ఒంటికర్ర రైఫిల్ పైకీ కిందికీ ఊగడాన్ని ఆపుతుంది, పక్కల ఊపును ఆపలేదు. రెండు కాళ్లవి దాన్నీ తగ్గిస్తాయి. మూడు కాళ్లవి వాటంతట అవే నిలబడతాయి గానీ, భుజానికి ఆనే తుపాకీ మడమ మాత్రం భుజంతో పాటే కదులుతుంది. నాలుగు కాళ్లవి ముందుభాగాన్నీ వెనుకభాగాన్నీ రెండు చోట్ల మోస్తాయి కనుక నిలకడలో వాటిదే పైచేయి, కాకపోతే జింక నాలుగడుగులు పక్కకు వేస్తే మొత్తం సర్దుకోవాలి, ఆ సర్దుబాటు చప్పుడు దాని చెవిన పడకుండా ఉండదు. ఒక చోట పొంచి ఉండేవారికి అవి, తిరుగుతూ వెతికేవారికి మూడు కాళ్లవి తగినవి.

కొండా అడవీ కలిసిన నేలకైతే రెండు కాళ్ల కర్రలూ సంచీ చాలు. ఆ కర్రలు వాలు దిగేటప్పుడు చేతికర్రగా పనికొస్తాయి. కాళ్లను వెడల్పుగా విడదీస్తే కూర్చున్న ఎత్తుకు దిగుతాయి. పడుకునే వీలున్న చోట వాటిని పక్కన పెట్టి సంచిని ముందుకు లాక్కోవచ్చు.