ఉప్పు లేనిదే బతకని బూజా, ఉప్పును ఓర్చుకునే బూజా: ఏది మేలు?

ఉప్పు వేస్తే బూజు పట్టదని మనందరి నమ్మకం. చాలాకాలం శాస్త్రవేత్తలదీ దాదాపు అదే మాట: ఉప్పు మడుల్లో బతికేవి బ్యాక్టీరియా, ఆర్కియా (బ్యాక్టీరియాలా కనిపించే వేరే రకం ఏకకణ జీవులు), కొన్ని నాచులు మాత్రమే అని. స్లొవేనియాలోని సెచోవ్లే ఉప్పు మడుల్లో నల్లటి ఈస్ట్‌లు (ఇవీ బూజుల జాతే) హాయిగా కాపురం చేస్తున్నాయని నీనా గుండె-సిమెర్మన్ అనే శాస్త్రవేత్త బృందం 2000లో చూపించాక లెక్క మారింది. అప్పట్నుంచీ ఈ బూజుల నుంచి ఏం రాబట్టుకోవచ్చన్న వెతుకులాట నడుస్తోంది.

అయితే ‘ఉప్పు బూజు’ అని అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. అక్కడే చిక్కు. ఉప్పు లేనిదే బతకనివి వేరు, ఉప్పున్నా బతకగలిగేవి వేరు.

మొదటి రకానికి పేరుపడ్డది వాలెమియా ఇక్తియోఫాగా. పేరుకి అర్థం చేపల్ని తినేది అని. నీళ్లలో సుమారు 10 శాతం ఉప్పు ఉంటేగానీ ఇది పెరగదు. సముద్రపు నీళ్లలో ఉండేది 3.5 శాతమే, అంటే దీనికి సముద్రం కూడా చప్పనే. మైక్రోస్కోప్‌లో చూస్తే కణాలు విడివిడిగా కాక మూటగట్టినట్టు గుత్తులుగా ఉంటాయి. ఉప్పు పెంచేకొద్దీ గుత్తి పెద్దదవుతుంది, కణం గోడ మందమవుతుంది. చూడ్డానికి ముచ్చటే కానీ పెరుగుదల మాత్రం నత్తనడక. సరుకు కావాల్సినవాళ్లకి ఓపిక నశిస్తుంది.

రెండో రకంలో ముందు చెప్పాల్సింది ఆరియోబేసిడియం పుల్లులాన్స్. ఉప్పు మడిలోనూ ఉంటుంది, చెట్ల ఆకుల మీదా ఉంటుంది. దీన్నుంచి వచ్చే పుల్లులాన్ అనే చక్కెర గొలుసు ఇప్పటికే మార్కెట్లో ఉంది. నోట్లో వేసుకుంటే కరిగిపోయే పలచటి పొరలు, జంతువుల జెలటిన్ వాడని మందు క్యాప్సూళ్లు దాంతో చేస్తారు. తలనొప్పల్లా రంగుతోనే. ఈ బూజు మెలనిన్ అనే నల్లరంగు పదార్థం కూడా తయారుచేసి, తెల్లగా రావాల్సిన సరుకును నల్లబరుస్తుంది. అందుకే మెలనిన్ తక్కువగా చేసే రకాల కోసం వెతుకుతారు.

డెబారియోమైసిస్ హాన్సేనై అనే ఈస్ట్ అయితే 24 శాతం ఉప్పునూ తట్టుకుంటుంది, జున్నులో ఎప్పట్నుంచో ఉంది, జైలోజ్ అనే చక్కెర ఇస్తే జైలిటాల్ అనే తీపి పదార్థం చేసిపెడుతుంది. హోర్టియా వెర్నెకై ఉప్పు లేని నీళ్ల నుంచి ఉప్పు ఇక కరగనంత చిక్కటి నీళ్ల దాకా ఎక్కడైనా బతికేస్తుంది. కానీ మనుషుల అరచేతుల మీద నల్లమచ్చలు తెప్పించే చరిత్ర దానికుంది కాబట్టి తిండి, మందుల పనికి నేనైతే దాన్ని ఎంచుకోను.

ఇక ఎంజైముల సంగతి. ఇక్కడే జనం ఎక్కువగా పొరబడతారు. ఉప్పును ఇష్టపడే ఆర్కియా చాలావరకు తమ కణాల్లోకే పొటాషియం క్లోరైడ్‌ను నింపుకుంటాయి, కాబట్టి వాటి లోపలి ప్రోటీన్లన్నీ ఉప్పుకు అలవాటుపడ్డవే. బూజుల పద్ధతి వేరు. అవి ఉప్పును బయటే ఉంచి, లోపల గ్లిసరాల్ పోగేసుకుంటాయి. అంటే వాటి లోపలి ఎంజైములు మామూలువే! ఉప్పునీళ్లలో తడిసి పనిచేసేది బయటికి వదిలే ఎంజైములే. ‘ఉప్పు బూజు ఎంజైము, ఉప్పులో బ్రహ్మాండంగా పనిచేస్తుంది’ అని ఎవరైనా ఊదరగొడితే, అది కణం లోపలిదా బయటిదా అని ఒక్క ప్రశ్న అడగండి.

ఉప్పులో పెంచడానికి ఒక లాభముంది: వేరే సూక్ష్మజీవులు అంత తేలిగ్గా చొరబడవు, కల్తీ టెన్షన్ తగ్గుతుంది. నష్టమూ ఉంది: స్టీల్ ట్యాంకులు తుప్పుపడతాయి, పని అయ్యాక మిగిలిన ఉప్పునీళ్లను ఎక్కడ పారబోయాలో తెలీదు. వాలెమియాకైతే ఈ బాధ తప్పదు. ఆరియోబేసిడియంకి ఉప్పు తగ్గించినా పని నడుస్తుంది.

కణాలను ఎండిపోకుండా కాపాడే పదార్థమే కావాలంటే మాత్రం బూజులను పక్కనపెట్టండి. అలాంటి పదార్థమైన ఎక్టోయిన్ విషయంలో హాలోమోనాస్ ఎలాంగేటా అనే బ్యాక్టీరియాదే పైచేయి. ఉప్పు ఎక్కువ నీళ్లలో పెంచి, ఒక్కసారిగా తక్కువ ఉప్పు నీళ్లలోకి మారిస్తే అది ఎక్టోయిన్‌ను బయటికి వదిలేస్తుంది. మళ్లీ ఉప్పులో వేస్తే మళ్లీ తయారుచేస్తుంది. ఆవును పితికినట్టే, ఆ పద్ధతికి పెట్టిన పేరు కూడా పాలు పితకడమే. చర్మానికి రాసుకునే క్రీముల్లో, ముక్కు స్ప్రేల్లో వాడేది ఈ ఎక్టోయిన్‌నే.

మరి వాలెమియాతో పనే లేదా? ఉంది, కొత్త మందు అణువుల వేటలో. ఎవరూ పెద్దగా కెలకని జీవి కాబట్టి కొత్తవి దొరికే ఆశ ఎక్కువ. దాని దగ్గరి చుట్టం వాలెమియా సెబీ వాలెమినాల్ అనే విషాన్ని తయారుచేస్తుందని గుర్తుపెట్టుకుని, దొరికిన ప్రతిదాన్నీ ముందు విషపరీక్షకు పంపాలి. రేపే అమ్ముకోగల సరుకు కావాలంటే మాత్రం నా ఓటు ఆరియోబేసిడియంకే, నల్లరంగు వదిలించుకునే ఓపికుంటే.