లైను దాటించే పాస్‌లు: ఎవరికి గిట్టుబాటు, ఎవరికి దండగ (ఆర్లాండో)

ఆర్లాండోలో డిస్నీ, యూనివర్సల్ పార్కుల ట్రిప్ అనుకున్న ప్రతివాళ్ళూ చివరికి వచ్చి ఆగేది ఇక్కడే, టికెట్లకే ఇంత పోశాం కదా, మళ్ళీ లైను తప్పించుకోడానికి మనిషికింత అని ఇంకో పాస్ కొనాలా అని. మేం ఫ్లోరిడాలోనే ఉంటాం, ఇంటికి ఎవరొచ్చినా పార్కులకి తిప్పే డ్యూటీ నాదే, అందుకని డిస్నీలో కాగితం ఫాస్ట్‌పాస్ రోజుల నించి ఇప్పటి లైట్నింగ్ లేన్ (పాస్ ఉన్నవాళ్ళకి వేరే లైను) దాకా అన్నీ వాడాను, డబ్బులు పెట్టీ తిరిగాను, పెట్టకుండానూ తిరిగాను. ఇన్నేళ్ళకి నాకు తేలిన లెక్క ఏంటంటే పాస్ ధర సంగతి తర్వాత, ముందు మీవాళ్ళు పొద్దున ఎన్నింటికి గేటు దగ్గరుంటారో నిజాయితీగా చూసుకోండి. పార్కు తెరిచే అరగంట ముందే అక్కడుండే బ్యాచ్‌కి చాలా రోజులు పాస్ అక్కర్లేదు. తీరిగ్గా టిఫిన్లు కానిచ్చి పదకొండింటికి దిగే బ్యాచ్ అయితే మాత్రం కొనేయండి, ఆలోచించక్కర్లేదు.

కొత్తవాళ్ళకి పాత కథ రెండు ముక్కల్లో. 1999లో డిస్నీ ఫాస్ట్‌పాస్ మొదలెట్టినప్పుడు అది ఫ్రీ, రైడ్ పక్కన మెషిన్‌లో టికెట్ పెడితే టైమ్ వేసిన చీటీ వచ్చేది, ఆ టైమ్‌కి వెళ్తే చాలు. తర్వాత అదే చేతి బ్యాండ్ మీదకి, ఫోన్ మీదకి వచ్చింది. 2020లో పార్కులు మూసినప్పుడు ఆగిపోయింది, మళ్ళీ ఫ్రీగా రాలేదు. 2021 అక్టోబర్‌లో జీనీ ప్లస్ అని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో మనిషికి రోజుకి 15 డాలర్లతో మొదలైంది, మరుసటేడాది నించి తేదీని బట్టి రేటు మారడం మొదలైంది, 2024 జులైలో పేరు మార్చి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ (చాలా రైడ్‌లకి కలిపి ఒకటి), సింగిల్ పాస్ (ఒక్క రైడ్‌కే) అన్నారు. ఫ్రీగా వాడినవాళ్ళకి కొంచెం మండుతుంది, మండినా చేసేదేం లేదు.

ఇంకో సంగతి, పాస్ కొన్నవాళ్ళ వల్ల కొననివాళ్ళ లైను నెమ్మదిస్తుంది, ఇది చాలామంది పట్టించుకోరు. ఊరికే లెక్క కోసం, ఒక రైడ్ గంటకి 1200 మందిని ఎక్కిస్తుంది అనుకోండి, అందులో సగం సీట్లు పాస్ వాళ్ళకి పోతే మామూలు లైనుకి మిగిలేది 600. మీ ముందు 600 మంది ఉంటే అరగంటలో అయిపోవాల్సింది గంట పడుతుంది. అందుకే లైను చిన్నగానే కనపడుతుంది కానీ కదలదు. పొద్దున్నే వెళ్తే ఈ బాధ ఎందుకు ఉండదంటే, ఆ టైమ్‌కి పాస్ వాళ్ళు ఇంకా పెద్దగా రారు, రైడ్ సీట్లు దాదాపు అన్నీ మామూలు లైనుకే.

ఇప్పుడు అసలు విషయం. అన్నీ లైను దాటించే పాస్‌లే అని ఒకే గాటన కట్టేస్తారు గానీ డిస్నీది వేరు, యూనివర్సల్‌ది వేరు. డిస్నీ మల్టీ పాస్ అంటే తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్ లాంటిది, మీ స్లాట్ మీకుంటుంది, ఆ టైమ్‌కే వెళ్ళాలి. యూనివర్సల్ ఎక్స్‌ప్రెస్‌కి టైమ్ ఉండదు, ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వెళ్ళి వేరే లైనులో దూరడమే. మీ ఇంట్లోవాళ్ళు ఎలాంటివాళ్ళో దాన్ని బట్టి ఒకటి హాయి, ఇంకోటి నరకం.

మల్టీ పాస్ వాడే పద్ధతి ఇది. డిస్నీ హోటల్లో దిగినవాళ్ళు 7 రోజుల ముందు, బయట ఉండేవాళ్ళు 3 రోజుల ముందు, ఫ్లోరిడా టైమ్ పొద్దున 7 గంటలకి బుక్ చేసుకోవచ్చు. ముందుగా మూడు రైడ్‌లు ఎంచుకోవాలి, ఒక్కోదానికి గంట విండో ఇస్తారు. డిస్నీ పార్కుల్లో మేజిక్ కింగ్‌డమ్, ఎప్‌కాట్, హాలీవుడ్ స్టూడియోస్‌లో రైడ్‌లని రెండు గుంపులు చేశారు, పెద్ద రైడ్‌ల గుంపులోంచి ఒక్కటే తీసుకోవాలి, మిగతా రెండూ చిన్నవాటిలోంచి. యానిమల్ కింగ్‌డమ్‌లో ఆ గుంపుల గోల లేదు. ఒకటి వాడగానే ఇంకోటి బుక్ చేసుకోవచ్చు, అలా రాత్రి దాకా. ఒకే రైడ్ అదే రోజు రెండోసారి మాత్రం ఇవ్వరు.

ఇక్కడే కిటుకు ఉంది, మొదటి మూడూ వీలైనంత పొద్దున్నే పడేలా చూసుకోండి. పెద్ద రైడ్ సాయంత్రం ఆరింటికి దొరికింది అని సంబరపడి మిగతా రెండూ కూడా మధ్యాహ్నానికి పెట్టుకుంటే, మొదటిది వాడేదాకా నాలుగోది తీసుకోలేరు, ఈలోపు మంచివి అయిపోతాయి. పదింటికల్లా ఒకటి వాడేస్తే అక్కడి నించి బండి నడుస్తూనే ఉంటుంది. దొరికిన టైమ్ నచ్చకపోయినా ముందు తీసేసుకుని తర్వాత యాప్‌లో మార్చుకోవచ్చు, వేరేవాళ్ళు వదిలేసినవి వస్తూ పోతూ ఉంటాయి, ఓపిగ్గా రిఫ్రెష్ కొడితే సాయంత్రం స్లాట్ మధ్యాహ్నానికి రావడం నేను చాలాసార్లు చూశాను. కానీ దీనికి ఇంట్లో ఒకళ్ళు బలి అవ్వాలి, రోజంతా ఫోన్‌లో తల పెట్టుకుని కూర్చునేవాళ్ళు ఒకళ్ళుండాలి, మా ఇంట్లో అది నేనే అని వేరే చెప్పక్కర్లేదు. పవర్ బ్యాంక్ లేకుండా వెళ్ళకండి. ఎవరికీ ఆ ఓపిక లేకపోతే మల్టీ పాస్ మీద పెట్టే డబ్బుకి మూడు రైడ్‌లే వస్తాయి, ఆ లెక్కన చూస్తే ఖరీదే.

పార్కు పార్కుకీ తేడా కూడా ఉంది. మేజిక్ కింగ్‌డమ్‌లో రైడ్‌లు చాలా ఎక్కువ, అక్కడ మల్టీ పాస్ డబ్బులు వసూలైపోతాయి. హాలీవుడ్ స్టూడియోస్‌లో రైడ్‌లు తక్కువే గానీ ఉన్నవాటికి లైన్లు పొడుగు, అక్కడా కొనొచ్చు. ఎప్‌కాట్ మీ ఇష్టం, సగం మంది అక్కడికి తిండికీ తిరగడానికే వెళ్తారు. యానిమల్ కింగ్‌డమ్‌లో నేను కొనను, ఎవర్నీ కొననివ్వను కూడా, ఎందుకంటే అక్కడ అందరికీ కావాల్సింది అవతార్ ఫ్లైట్ ఆఫ్ పాసేజ్, అదేమో మల్టీ పాస్‌లో లేదు, దానికి సింగిల్ పాస్ విడిగా కొనాలి. స్టార్ వార్స్ రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్, గార్డియన్స్ వాళ్ళ కాస్మిక్ రివైండ్, ట్రాన్ కూడా అంతే, విడి పాస్‌లే, రోజుకి రెండు మించి కొననివ్వరు. మల్టీ పాస్ కొనేశాం అన్నీ వచ్చేస్తాయి అనుకుని వెళ్ళి గేటు లోపల తెల్లమొహం వేసేవాళ్ళని ఎంతమందిని చూశానో. నన్నడిగితే మల్టీ పాస్ మానేసి, ఎక్కువ రద్దీ ఉన్న ఆ ఒక్క రైడ్‌కి సింగిల్ పాస్ కొనుక్కుని, మిగతావి పొద్దున రెండు గంటల్లో లాగించేయడం చాలా కుటుంబాలకి సరిపోతుంది. డిస్నీ హోటల్లో ఉంటే ఎలాగూ ప్రతి పార్కులోకీ అరగంట ముందే వదులుతారు, ఆ అరగంటకి నా దృష్టిలో పాస్ అంత విలువ.

యూనివర్సల్‌కి వస్తే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఎక్స్‌ప్రెస్ రెండు రకాలు, ఒక్కో రైడ్‌కి ఒక్కసారి వెళ్ళేది ఒకటి, ఎన్నిసార్లయినా వెళ్ళేది అన్‌లిమిటెడ్. రద్దీ రోజుల్లో పార్కు టికెట్ కంటే ఈ పాసే ఎక్కువ అవుతుంది, చూడగానే కళ్ళు తిరుగుతాయి. అయితే పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అని మూడు హోటళ్ళున్నాయి, వాటిల్లో దిగితే రూమ్‌లో ఉన్న అందరికీ అన్‌లిమిటెడ్ ఫ్రీ, యూనివర్సల్ స్టూడియోస్‌కీ ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్‌కీ. పైగా దిగిన రోజూ ఖాళీ చేసే రోజూ రెండూ లెక్కే, అంటే ఒక్క రాత్రి ఉంటే రెండు రోజులు పాస్ ఉన్నట్టే. నలుగురు ఉన్న ఫ్యామిలీకి రెండు రోజుల పాస్ విడిగా కొనే ఖర్చు, ఆ రూమ్ ఖర్చు పక్కపక్కన పెట్టి చూడండి, చాలాసార్లు రూమే చవక పడుతుంది, పడుకోడానికి మంచం అదనం. మిగతా రాత్రులు బయట మామూలు హోటల్లో ఉండొచ్చు, మేం ఎవర్ని తీసుకెళ్ళినా ఇదే పద్ధతి. ఒకటి గుర్తు పెట్టుకోండి, 2025 మే లో తెరిచిన యూనివర్సల్ కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌కి ఈ ఫ్రీ పాస్ పనిచెయ్యదు.

విడిగా కొనేట్టయితే అన్‌లిమిటెడ్ వద్దు, ఒక్కసారి రకం చాలు. ఒకే రోలర్ కోస్టర్ మూడుసార్లు ఎక్కుతాం అని అందరూ అంటారు, రెండోసారి దిగాక కడుపులో తిప్పి బెంచీ వెతుక్కుంటారు.

వాన గురించి ఎవరూ చెప్పరు. ఎండాకాలం ఇక్కడ మధ్యాహ్నం అయితే ఉరుములు మెరుపులు దాదాపు రోజూ ఉండేవే, మెరుపు దగ్గర్లో పడితే బయటుండే రైడ్‌లన్నీ ఆపేస్తారు. ఒక పార్కులో (పేరు వద్దులెండి) మధ్యాహ్నం పూట గేటు దగ్గర పాస్‌లు కొన్న గంటకి మబ్బు కమ్మింది, కోస్టర్లన్నీ సాయంత్రం దాకా బంద్, డబ్బులు అడిగితే వాతావరణానికి వాపసు లేదు అని రసీదు వెనకాల చిన్న అక్షరాలు చూపించారు. అందుకని జూన్ నించి సెప్టెంబర్ మధ్య వెళ్తే పాస్ వాడకం అంతా మధ్యాహ్నం రెండింటిలోపే అయిపోయేలా చూసుకోండి, లేదంటే ఇండోర్ రైడ్‌లు ఎక్కువున్న పార్కుకే పాస్ కొనండి. డిస్నీలో మీ విండో టైమ్‌లో రైడ్ ఆగిపోతే అదే పాస్ వేరే రైడ్‌లకి పనికొచ్చేలా మారుతుంది, అది మాత్రం మంచి పద్ధతి.

ప్రీమియర్ పాస్ అని 2024 చివర్లో ఇంకోటి వచ్చింది, స్లాట్లు లేకుండా డిస్నీలో ప్రతి లైట్నింగ్ లేన్‌కీ ఒక్కోసారి వెళ్ళొచ్చు, మొదలెట్టినప్పుడే పార్కుని, తేదీని బట్టి మనిషికి రోజుకి 129 నించి 449 డాలర్లు. నేను కొనలేదు, కొనే ఉద్దేశం లేదు, దాని గురించి ఇంతకంటే ఏం రాయను.

ఫ్రీగా వచ్చేవి వదులుకోకండి. చిన్నపిల్లలుంటే రైడర్ స్విచ్ అడగండి, ఒకళ్ళు బాబుతో బయటుంటే మిగతావాళ్ళు వెళ్ళొస్తారు, తర్వాత బయట ఉన్నవాళ్ళు మళ్ళీ లైను కట్టకుండా లైట్నింగ్ లేన్‌లోంచి వెళ్తారు, దీనికి పాస్ కొనక్కర్లేదు. విడివిడిగా కూర్చున్నా పర్లేదు అనుకుంటే ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్, స్మగ్లర్స్ రన్ లాంటివాటికి సింగిల్ రైడర్ లైనుంది. రాత్రి మూసే టైమ్‌కి ఒక్క నిమిషం ముందు లైనులోకి వెళ్ళినా ఎక్కిస్తారు.

ఆఖరికి ఇంకోటి, పాస్ ఇంటిల్లిపాదికీ కొనాలని రూలేం లేదు. అమ్మావాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళు కోస్టర్ ఎక్కరు, వాళ్ళకెందుకు? మూడేళ్ళ లోపు పిల్లలకి టికెట్టూ పాసూ రెండూ అక్కర్లేదు. ఆ పైన పిల్లలుంటే బుక్ చేసేముందు ఎత్తు కొలవండి, ట్రాన్‌కి 48 అంగుళాలు, ఫ్లైట్ ఆఫ్ పాసేజ్‌కి 44, కాస్మిక్ రివైండ్‌కి 42, రైజ్‌కి 40, స్లింకీ డాగ్‌కి 38. మా చెల్లి కొడుకు కిందటిసారి ట్రాన్‌కి ఒక్క అంగుళం తగ్గాడు, ఇంట్లోనే కొలిచి చూసుకున్నాం కాబట్టి ఆ సింగిల్ పాస్ చెల్లికీ బావగారికీ మాత్రమే కొన్నాం, వాడికి ఆ టైమ్‌లో పక్కనున్న స్పీడ్‌వే కార్లు ఎక్కించాను.