వెల్క్రో దోమతెరలు: ఐదు ఎండాకాలాల తర్వాత ఏది నిలిచింది, ఏది ఊడింది

విజయవాడ పటమటలో పాత ఫ్లాటు. ఏడు కిటికీలు, రెండు బాత్రూం వెంటిలేటర్లు. అన్నిటికీ ఒకేసారి వెల్క్రో తెరలు పెట్టించి ఐదు ఎండాకాలాలు గడిచాయి. మెష్ మీద ఫిర్యాదు లేదు, ఫిర్యాదంతా టేపు మీదే. ఇన్నేళ్లలో చిరిగిన తెర ఒక్కటే. ఊడొచ్చిన టేపు ముక్కలకి మాత్రం లెక్కలేదు.

కొట్లో మూడు రకాల మెష్ చూపిస్తారు. నైలాన్ చవక, ఉతుక్కోవడం తేలిక, కానీ ఎండ పడేచోట రెండేళ్లకే పెళుసెక్కి వేలు ఆనితే చిరుగుతుంది. ఫైబర్‌గ్లాస్ ఎండకి తట్టుకుంటుంది. దానితో జాగ్రత్తేమిటంటే మడత పెట్టకూడదు, మడతగీత దగ్గరే దారం విరుగుతుంది. తీసినప్పుడు చాపలా చుట్టి పెట్టాలి. స్టీలు మెష్ బరువుకి వెల్క్రో ఆగదు, ఫ్రేము కట్టి స్క్రూలు బిగించాల్సిందే. కింద వాటాల వాళ్లకి మాత్రం అదే దిక్కు, ఎలుక నైలాన్‌ని ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. అంగుళానికి 18 × 16 కళ్లున్న మెష్ అడగండి. దోమకి అది చాలు. అంతకన్నా సన్నం తీసుకుంటే గాలి మరీ తగ్గిపోతుంది, మే నెల ఉక్కలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇక టేపు. గరుకు పట్టీ కిటికీ చట్రానికి అంటిస్తారు, మెత్తటి పట్టీ తెర అంచుకి కుట్టి ఉంటుంది. మామూలు టేపు వెనక ఉండేది రబ్బరు జిగురు. పడమటి ఎండ నేరుగా కొట్టే కిటికీలో అది కరిగి పాకంలా జారుతుంది. టేపు ఇంత కిందికి దిగుతుంది, పైన వదిలిన జిగురు చారకి దుమ్ము పట్టి నల్లబడుతుంది. ఆ చారని కిరోసిన్ గుడ్డతో తుడిస్తే వస్తుంది. పడమర, దక్షిణం కిటికీలకి యాక్రిలిక్ జిగురున్న టేపు అడిగి తీసుకోండి, రేటు ఎక్కువైనా. మా ఇంట్లో అలా మార్చిన రెండు కిటికీల్లో టేపు ఇంతవరకు కదల్లేదు.

అంటించే పద్ధతిలోనే సగం పని ఉంది. సున్నం, డిస్టెంపర్ వేసిన గోడకి అంటిస్తే టేపు పెచ్చుతో సహా ఊడొస్తుంది. ఎనామిల్ పెయింటున్న చెక్క మీదో, అల్యూమినియం మీదో అంటించాలి. ముందు సర్ఫు నీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడవండి. టేపుని బొటనవేలితో గట్టిగా రుద్దుకుంటూ అంటించి, తెర మాత్రం మర్నాడు పెట్టండి. అంటించిన గంటలోనే తెర లాగి పెడితే మూలలు లేస్తాయి. ఫిటింగ్ కుర్రాళ్లకి అంత ఓపిక ఉండదు, అరగంటలో ఏడు కిటికీలూ ముగించి వెళ్లిపోతారు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, చెక్క చెమ్మగా ఉంటుంది. కొలత మూడు చోట్ల తీసి పెద్దదే తీసుకోవాలి, పాత చెక్క చట్రాలు నిక్కచ్చిగా చదరంగా ఉండవు.

పాత ఇళ్లలో రెక్కలు బయటికి తెరుచుకుంటాయి, తెర లోపల ఉంటుంది. గాలివాన వచ్చినప్పుడల్లా ఒక మూల లాగి, చెయ్యి పెట్టి రెక్క వేసుకోవాలి. ఎప్పుడూ ఆ మూలే లాగుతాం కాబట్టి గరుకు పట్టీ అక్కడే అరుగుతుంది, వెంట్రుకలూ నూలుపోగులూ పట్టి అతుక్కోవడం మానేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో గీకితే కొన్నాళ్లు పనిచేస్తుంది. కుట్టించేటప్పుడే గడియ ఎత్తులో చిన్న జిప్పు పెట్టించుకుంటే ఈ గోల ఉండదు. వంటింటి తెర జిడ్డుతో మూసుకుపోతుంది, రెండు నెలలకోసారి గోరువెచ్చటి సర్ఫు నీళ్లలో నానబెట్టి, రుద్దకుండా జాడించి నీడలో ఆరెయ్యండి.

బాత్రూం వెంటిలేటర్లకి వెల్క్రో దండగ. ఆవిరికి నెలల్లోనే వదిలేసింది. స్టీలు మెష్ ముక్క కోసి అల్యూమినియం బీడింగుతో బిగించాక ఆ బాధ తీరింది.

తెరలు పెట్టిన మొదటి వారం దోమలు తగ్గలేదని చాలామంది విసుక్కుంటారు. మంచాల కింద, హ్యాంగర్‌కి వేలాడే బట్టల వెనక ఉన్నవి లోపలే చిక్కుకుపోతాయి మరి. ముందు బ్యాటుతో వాటిని ఖాళీ చెయ్యాలి. ఆపైన మిగిలే దారి వీధి గుమ్మం. పొద్దుగూకే వేళ గంటన్నర పాటు తలుపు వేసి ఉంచితే చాలావరకు ఆగుతాయి.

కిటికీల కన్నా పెద్ద దారి ఒకటి మేడ మీద ఉంటుంది: సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం. సాయంత్రం దాని మూతికి పల్చటి పాలిథిన్ కవరు వదులుగా తొడిగి, రబ్బరు బ్యాండు వేసి, తెల్లారాక చూడండి. కవరు లోపలివైపు దోమలు అంటుకుని ఉంటే, ఇంటిల్లిపాదినీ కుడుతున్నవాటిలో ఆ ట్యాంకులో పుట్టినవీ ఉన్నట్టే. కవరు వెంటనే తీసెయ్యాలి, గ్యాసు పోయే దారి మూయకూడదు. మూతికి స్టీలు మెష్ వేసి బైండింగ్ వైరుతో రెండు చుట్లు బిగించండి. నైలాన్ అయితే మేడ మీది ఎండకి ఏడాదిలో పోతుంది. చాంబరు మూతల సందులు సిమెంటుతో పూడ్చుకోవాలి. ఎండాకాలంలో కాలువలు కట్టేశాక బందరు కాలువ, రైవస్ కాలువ అడుగున మిగిలే మడుగుల్లో, గుర్రపుడెక్క మాటున పుట్టే క్యూలెక్స్, అంటే రాత్రిళ్లు కుట్టే మామూలు దోమ, మన చేతిలో లేదు. ఇంటి ట్యాంకు మాత్రం మన చేతిలోదే.

డెంగీ దోమ లెక్క వేరు. ఏడిస్ పగలు కుడుతుంది, ఇంట్లో, ఇంటి చుట్టూ నిలిచిన మంచినీళ్లలో పుడుతుంది. ఇంట్లోనే పుట్టినదాన్ని తెర ఏమీ చెయ్యలేదు. ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ తొట్టి, ఏసీ నీళ్లు పట్టే బకెట్, మనీప్లాంట్ సీసా చూసుకోవాలి. ఈ ఎండలకి గుడ్డు నుంచి దోమ అవడానికి వారం, పది రోజులు చాలు కాబట్టి వారానికోసారి తప్పకూడదు. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు నీటి గీతకి కాస్త పైన గోడకి అతుక్కుని ఉంటాయి, నెలల తరబడి ఎండినా చావవు, మళ్లీ నీళ్లు పోస్తే పిల్లలవుతాయి. కొబ్బరిపీచుతో లోపలి గోడ రుద్ది కడగాలి.

ప్లగ్గులో పెట్టే లిక్విడ్ ఇప్పుడు వాన పట్టిన రోజుల్లోనే వాడుతున్నాం. తెరలు కొత్తగా పెట్టించేవాళ్లు మెష్‌తో పాటు గరుకు టేపు ఇంకో చుట్ట కొని పెట్టుకోండి. తర్వాత విడిగా కొంటే వెడల్పు ఒకటైనా కొక్కేల గరుకు తేడా వచ్చి పాత అంచుకి సరిగా పట్టదు.