ఎన్‌ఎఫ్‌ఎస్ 3, ఎన్‌ఎఫ్‌ఎస్ 4: ఫైలు ఎవరిదో తేల్చేది ఎలా?

ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే ఒక మెషీన్‌లోని (సర్వర్) ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా ఇంకో మెషీన్‌లో (క్లయింట్) వాడుకునే పద్ధతి. దాని వెర్షన్ 3కి ఫైలు యజమాని అంటే ఒక నంబరే. ఒక మెషీన్‌లో 1001 రవిది, ఇంకోదాంట్లో లతది అయితే రవి ఫైళ్లు లత చేతికి వెళ్లిపోతాయి. సర్వర్ అడ్డు చెప్పదు. మామూలు సెటప్‌లో, యూజర్ ఉన్న గ్రూపుల్లో 16కి మించినవాటిని క్లయింట్ అసలు పంపదు.

వెర్షన్ 4లో యజమాని పేరు, డొమైన్ కలిసి వెళ్లగలవు. రెండు వైపులా డొమైన్ కలవకపోతే ఫైళ్లన్నీ 'నోబడీ' (ఎవరిదీ కాదు) పేరు మీద కనిపించవచ్చు. టెన్షన్ పడకుండా ముందు ఐడీమ్యాప్ (పేర్లను నంబర్లతో జతచేసేది) సెట్టింగ్‌లో డొమైన్ చూడండి. అయితే కెర్బరోస్ (యూజర్ ఎవరో రుజువు చేసే పద్ధతి) లేకపోతే అనుమతుల తనిఖీ ఇక్కడా నంబర్ల మీదే నడుస్తుంది. ఇది మర్చిపోవద్దు.

ఏసీఎల్‌లలో, అంటే ఎవరికి ఏ అనుమతో చెప్పే జాబితాల్లో, 4దే పైచేయి. రాయడం, చివర చేర్చడం, తొలగించడం వేర్వేరుగా ఇవ్వొచ్చు, వద్దనొచ్చు. కానీ లినక్స్ సర్వర్ వాటిని పోసిక్స్ (యూనిక్స్ తరహా, ఇంకా సాదా) ఏసీఎల్‌లుగా మార్చేటప్పుడు ఈ తేడాలు కొన్ని పోతాయి. కొత్తగా పెడితే నేను 4నే, కెర్బరోస్‌తో పెడతాను.