ల్యాప్‌టాప్‌లో పేరుకుపోయిన వైఫైలు, ‘ఫర్గెట్’ బటన్: ఆరేళ్ల వాడకం తరువాత

చిత్తూరు శివార్లలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, తోతాపురి లోడుతో వచ్చిన ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరిన ఒక జూన్ నెలలో, ల్యాప్‌టాప్ దాచుకున్న వైఫై పేరును, పాస్‌వర్డ్‌ను చెరిపేసే ‘ఫర్గెట్’ అనే ఈ చిన్న బటన్ విలువ నాకు తెలిసివచ్చింది. నేను తిరుపతి బాలాజీ కాలనీలో ఉంటూ పదిపదిహేను సంస్థల లెక్కలు చూస్తాను. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయినప్పటికీ నా తిరుగుడు మాత్రం రెండు జిల్లాల మధ్యనే సాగుతోంది. శ్రీకాళహస్తి, పుత్తూరు, పూతలపట్టు, చిత్తూరు, ఎక్కడికి వెళ్లినా అక్కడి వైఫైకి ల్యాప్‌టాప్‌ను కలుపుకుంటే తప్ప పని మొదలు కాదు. అందువల్ల విండోస్‌లో, ఇదివరకు కలిసిన వైఫైల జాబితా ఉండే ‘మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్’ అనే పేజీని నేను వాడినంతగా మా వీధిలో మరెవరూ వాడి ఉండరని అనుకుంటున్నాను.

ఆ జూన్‌లో ఫ్యాక్టరీవారు పాత రౌటర్ పాడై కొత్తది పెట్టించుకున్నారు. సిబ్బంది తికమక పడకూడదని వైఫై పేరు పాతదే ఉంచి, పాస్‌వర్డ్ మాత్రం మార్చారు. నేను వెళ్లి ల్యాప్‌టాప్ తెరిస్తే, ఆ పేరు మీద నొక్కిన ప్రతిసారీ కాసేపు చుక్కలు తిరగడం, ఆ తరువాత ఈ నెట్‌వర్క్‌కు కలవలేకపోతున్నానని చెప్పడం తప్ప, కొత్త పాస్‌వర్డ్ ఏమిటని అది ఒక్కసారి కూడా అడగలేదు. ఫోన్ హాట్‌స్పాట్‌తో ఇంటర్నెట్ వచ్చింది కానీ, ట్యాలీ లెక్కలన్నీ ఉన్న కంప్యూటర్ ఫ్యాక్టరీ నెట్‌వర్క్‌లోనే ఉన్నందువల్ల దానితో నాకు ప్రయోజనం లేకపోయింది. రెండు రోజుల పాటు పెన్‌డ్రైవ్‌లో డేటా ఎక్కించుకుంటూ, మళ్లీ తెచ్చి దించుతూ పని చేశాను. రౌటర్ బిగించిన మనిషిని పిలిపిస్తే, తన రౌటర్‌లో లోపమేమీ లేదని, నా ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేయించుకోవాలని ఖచ్చితంగా చెప్పి వెళ్లిపోయాడు. ఆరు సంస్థల ఫైళ్లు ఉన్న యంత్రాన్ని ఫార్మాట్ చేయించడమంటే ఏమిటో ఆయనకు తెలియదు. ఆ మాట నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మూడో రోజు ఉదయం, తూకం చీటీలు రాసే కుర్రవాడు నా వెనుక నిలబడి చూసి, “సార్, ఒకతూరి దాన్ని ఫర్గెట్ కొట్టి చూడండి సార్” అన్నాడు. సెట్టింగ్స్ తెరిచి, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో వైఫైకి వెళ్లి, దాచిన పేర్ల జాబితాలో ఫ్యాక్టరీ పేరు వెతికి ‘ఫర్గెట్’ నొక్కాను. టాస్క్‌బార్‌లో మళ్లీ ఆ పేరు ఎంచుకోగానే పాస్‌వర్డ్ పెట్టె తెరుచుకుంది. కొత్తది కొట్టిన మరుక్షణమే కలిసింది.

కారణం తరువాత అర్థమైంది. విండోస్ ఒక వైఫైని గుర్తుంచుకునేది ముఖ్యంగా దాని పేరును, భద్రతా పద్ధతిని బట్టి మాత్రమే. ఆ రెండూ మారకపోతే అది పాత రౌటరేనని నమ్మి, దాచుకున్న పాత పాస్‌వర్డ్‌నే మళ్లీ మళ్లీ చూపిస్తూ ఉంటుంది. నమ్మకం చెరిపేస్తే తప్ప కొత్తది అడగదు. ఇదే కారణం వల్ల పాస్‌వర్డ్ లేని ఉచిత వైఫైల విషయంలో నేను జాగ్రత్తపడడం మొదలుపెట్టాను. ఏదో ఒక లాడ్జిలో ఒక్క రాత్రి వాడిన పాస్‌వర్డ్ లేని వైఫై జాబితాలో ఉండిపోయి, దాని పక్కన తనంతట తానే కలిసే గుర్తు కూడా ఉంటే, అదే పేరుతో మరెవరైనా వేరొక చోట వైఫై పెట్టినా నా ల్యాప్‌టాప్ నన్ను అడగకుండానే దానికి కలిసిపోగలదు. అన్నిచోట్లా ‘గెస్ట్’ అనే పేరే కనిపించే మా ఊరిలో ఇది ఊహకు మాత్రమే పరిమితమైన భయం కాదు. అందుకే అటువంటివాటిని గది ఖాళీ చేసే ముందే తీసేస్తాను.

2012లో వచ్చిన విండోస్ 8 నా పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నప్పుడు ఇంత సులువు లేదు. విండోస్ 7లో చక్కగా ఉన్న జాబితాను అందులో తీసేశారు. ఎదురుగా సిగ్నల్ ఉన్న వైఫైని మాత్రమే మౌస్‌తో చెరపగలిగేవాళ్లం, మిగతావాటికి ఆదేశాలను టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ అనే కిటికీ తెరవవలసి వచ్చేది. 2014లో విండోస్ 8.1 అప్‌డేట్‌తో ఆ జాబితా తిరిగివచ్చింది. ఇప్పటి విండోస్ 11లో వెతికే పెట్టె కూడా ఉంది. ఫ్యాక్టరీ అనుభవం తరువాత కొన్ని నెలల పాటు కనిపించినవారందరికీ ఈ పేజీ గురించి గొప్పగా చెప్పాను.

ఆ గొప్పను నేనే కొంత తగ్గించుకోవలసి వచ్చింది. నా జాబితాలో డెబ్బై దాటి పేర్లు చేరాయి. అందులో ఏది ఎప్పుడు చివరిగా వాడానో ఎక్కడా కనిపించదు, పదింటిని ఒకేసారి ఎంచుకుని తీసే వీలూ లేదు. ఒక ఆదివారం విసుగెత్తి, కమాండ్ ప్రాంప్ట్‌లో ‘నెట్‌ష్’ అనే ఆదేశంతో ప్రొఫైల్‌ను, అంటే దాచిన వైఫై వివరాలను, తొలగించమని రాసి, పేరు ఉండవలసిన చోట ‘అన్నీ’ అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టి ఎంటర్ కొట్టాను. నిజంగా తొలగించాలా అని అది అడగలేదు. పేర్లన్నీ ఒకదాని కింద ఒకటిగా తెర మీద జారిపోయాయి; చివరకు మా ఇంటి వైఫై కూడా తెగిపోయింది. ఇంటి పాస్‌వర్డ్ రౌటర్ అడుగున అంటించిన కాగితం మీద దొరికింది. అసలు ఇబ్బంది మరుసటి రోజు మొదలైంది. అది ఇరవయ్యో తేదీ, జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్న్ దాఖలుకు ఆఖరి రోజు. చిత్తూరు చేరాక ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ చెప్పేవారే లేరు, నాకు సాయం చేసిన కుర్రవాడు సెలవులో ఉన్నాడు, యజమానికి అది ఎన్నడూ తెలియదు. మధ్యాహ్నం వరకు అటూ ఇటూ తిరిగాక, ఆయన కొడుకు వచ్చి తన ఫోన్‌లో వైఫైని షేర్ చేసే చోటు తెరిచాడు. అక్కడి క్యూఆర్ కోడ్ కింద పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే రాసి ఉంది. చీకటి పడే వేళకు రిటర్న్ దాఖలు చేశాము.

అప్పటి నుంచి నక్షత్రం గుర్తు జోలికి వెళ్లలేదు. తొలగించే ముందు కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, అదే నెట్‌ష్ ఆదేశాలతో ప్రొఫైళ్లను ఒక ఫోల్డర్‌లోకి ఎగుమతి చేసుకుంటాను. పాస్‌వర్డ్‌లు విప్పి చూపమని కోరితే అవి ఆ ఫైళ్లలో ఎవరైనా చదవగలిగేలా పడతాయి కనుక, కావలసినవి డైరీలో రాసుకుని ఫోల్డర్‌ను వెంటనే తుడిచివేస్తాను. నెట్‌వర్క్ రీసెట్ అనే మరో మార్గం ఉంది కానీ, అది దాచిన వైఫైలతో పాటు, దూరంలోని ఆఫీసు నెట్‌వర్క్‌కు భద్రంగా కలిపే వీపీఎన్ అమరికలను కూడా కదిలిస్తుంది. పేర్లు తగ్గించుకోవడానికి నేను దానిని వాడను.

ఇంట్లో ఒక్క వైఫై, ఫోన్ హాట్‌స్పాట్ తప్ప మరేదీ వాడనివారికి ఈ పేజీతో ఏడాదికి ఒకసారి కూడా పని పడకపోవచ్చు. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఆఫీసువారు పంపిన నెట్‌వర్క్‌లను మీరు తీసివేయలేకపోవచ్చు కూడా. నాలాగా వారానికి నాలుగు ఊళ్లు తిరిగేవారికి మాత్రం ‘ఫర్గెట్’ బటన్, ఒక్కొక్క పేరు చదివి నొక్కినంత కాలం, చాలా మంచి సాధనమే. ప్రస్తుతం నా జాబితాలో పందొమ్మిది పేర్లు ఉన్నాయి, వాటిలో ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ డైరీ మొదటి పేజీలోనే ఉంది.