డీఓటీ ఫిజికల్ క్లినిక్ రివ్యూ: బీపీ, షుగర్ మందులు వాడే ట్రక్ డ్రైవర్లు చదవండి

ఐదుకి నాలుగు స్టార్లు. తగ్గించిన ఆ ఒక్కటీ పరీక్ష చేసినావిడ వల్ల కాదు, పార్కింగ్ వల్ల, ఫోన్ ఎత్తకపోవడం వల్ల.

డీఓటీ ఫిజికల్ అంటే అమెరికా రవాణా శాఖ నిబంధనల ప్రకారం ట్రక్ డ్రైవర్లకి చేసే ఆరోగ్య పరీక్ష, పాసైతే మెడికల్ కార్డు ఇస్తారు. ఈ క్లినిక్ ఫోర్ట్ వర్త్‌కి ఉత్తరాన, అలయన్స్ గోడౌన్ల దగ్గర, ఐ-35 వెస్ట్ దిగగానే ఉంటుంది. నాది క్లాస్ ఏ సీడీఎల్ (పెద్ద ట్రక్కులు నడిపే లైసెన్సు), సొంత ట్రక్కు. బీపీకి, షుగర్‌కి రోజూ మాత్రలు వేసుకుంటాను. టెక్సస్‌లో ఈ లైన్‌లో ఉన్న మనవాళ్ళు ఎవరు కలిసినా ఒకటే భయం: మందులు వాడుతున్నానని చెబితే మెడికల్ కార్డు ఇవ్వరేమో, చెప్పకపోతే రేపు యూరిన్ టెస్టులో బయటపడుతుందేమో. ఈ భయంతో ఫిజికల్‌కి ముందు మాత్రలు మానేసేవాళ్ళు కూడా ఉన్నారు, అది విన్నప్పుడల్లా నాకు చాలా బాధేస్తుంది. 80,000 పౌండ్ల బండి నడిపే మనిషి బీపీ మాత్ర మానేయడం ఏమిటి? మానేస్తే బీపీ పెరిగి మొదటికే మోసం వస్తుంది కదా.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఇదీ: ఏ మందు సంగతి ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పక్కర్లేదో ముందే కూర్చోబెట్టి చెప్పారు. డీఓటీ ఫిజికల్ వేరు, డీఓటీ డ్రగ్ టెస్ట్ వేరు. రెండు చోట్లా కప్పు చేతికిస్తారు కాబట్టి మనం రెండూ కలిపేసుకుంటాం. ఫిజికల్‌లో తీసుకునే యూరిన్‌లో ప్రోటీన్, రక్తం, చక్కెర, స్పెసిఫిక్ గ్రావిటీ (మూత్రం చిక్కదనం) చూస్తారు, అంతే. డ్రగ్ టెస్టుకి వేరే ఫారం, సీలు వేసిన సీసాలు, బయట ల్యాబ్.

ఫిజికల్ చేసినావిడ నర్స్ ప్రాక్టీషనర్. ఎండీ కాదని అనుమానపడకండి, 2014 మే 21 నుంచి ఎఫ్ఎంసీఎస్ఏ (ట్రక్కుల భద్రత చూసే కేంద్ర సంస్థ) నేషనల్ రిజిస్ట్రీలో పేరున్నవాళ్ళు ఎవరైనా ఈ పరీక్ష చేయొచ్చు, కైరోప్రాక్టర్లు కూడా చేస్తారు. రిజిస్ట్రీలో పేరు లేనివాళ్ళు ఎంత పెద్ద డాక్టరైనా చెల్లదు.

వెళ్ళగానే బీపీ చూస్తే 148/92 వచ్చింది. నా మొహం చూసి ఆవిడ, కాసేపు వదిలేద్దాం, చివర్లో మళ్ళీ చూస్తాను అంది. కళ్ళు, చెవులు, గుండె, పొట్ట, మోకాళ్ళు అన్నీ చూశాక ఐదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోబెట్టి చూస్తే 134/84. రెండో రీడింగ్ రాయడానికి ఆ ఫారంలోనే చోటు ఉంది, ఆవిడ నాకేం ప్రత్యేకంగా మేలు చేయలేదు, పని పద్ధతిగా చేసింది. ఇంతకుముందు వెళ్ళిన వేరే చోట (పేరు వద్దులెండి) ఎండలో పార్కింగ్ నుంచి గబగబా నడిచి వచ్చి కుర్చీలో కూర్చున్నానో లేదో కఫ్ కట్టి, మొదట వచ్చిన నంబరే రాసేశారు. మళ్ళీ చూడమంటే టైం లేదన్నారు.

ఆ నంబర్ల లెక్క తెలుసుకుని వెళ్ళండి. మామూలుగా కార్డు రెండేళ్ళ దాకా ఇస్తారు. మందు వాడుతూ బీపీ అదుపులో ఉంటే సాధారణంగా ఏడాదికి. 140 నుంచి 159 లేదా కింద 90 నుంచి 99 వస్తే ఏడాదికి ఇవ్వొచ్చు. 160 నుంచి 179 లేదా కింద 100 నుంచి 109 వస్తే ఒక్కసారికి మాత్రమే, అదీ మూడు నెలలకి ఇస్తారు, ఈలోగా తగ్గించుకుని రావాలి. 180/110 చేరితే తగ్గేదాకా కార్డు ఇవ్వరు. ఇక కళ్ళు ఒక్కోటీ 20/40 రావాలి, కళ్ళజోడుతో వచ్చినా చాలు, ఎరుపు ఆకుపచ్చ పసుపు రంగులు గుర్తుపట్టాలి. ఐదడుగుల దూరం నుంచి గుసగుసగా చెప్పింది వినబడాలి.

మందుల దగ్గర మాత్రం ఆవిడ తొందరపడలేదు. ఏ మందు, ఎంత డోసు, ఎవరు రాశారు, ఏ టైంకి వేసుకుంటావు, వేసుకున్నాక కళ్ళు తిరగడం, మత్తుగా ఉండడం లాంటివి ఉన్నాయా అని ఒక్కోటీ అడిగింది. టెల్మిసార్టన్, మెట్‌ఫార్మిన్ అంటే ఇబ్బందేం లేదంది. డిసెంబరు, జనవరిలో ఇక్కడ సీడర్ పుప్పొడి ఎలర్జీ ఎలా ఉంటుందో టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, దానికి రాత్రిపూట బెనడ్రిల్ వేసుకుంటానని చెబితే అక్కడ ఆగింది. చీటీ లేకుండా దొరికే మందే అయినా ఆ మత్తు పొద్దున దాకా ఉండొచ్చని, మత్తు తక్కువ ఉండేవి ఉన్నాయి, మీ డాక్టర్‌ని అడగమని చెప్పింది. నా డాక్టర్ కూడా ఇంత వివరంగా ఎప్పుడూ అడగలేదు.

నొప్పికి ఓపియాయిడ్లు (నల్లమందు తరహా మందులు), ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకి) యాంఫెటమిన్ మాత్రలు లాంటివి వాడేవాళ్ళకి ఇంకో మెట్టు ఉంది. మీ ఆరోగ్య చరిత్ర తెలిసిన డాక్టరే రాసి ఉండాలి, దానివల్ల డ్రైవింగ్‌కి ఇబ్బంది లేదని కూడా ఆయన చెప్పాలి. దీనికి ఎంసీఎస్ఏ-5895 అని ఒక ఫారం ఉంది, తప్పనిసరి కాదు కానీ ఎగ్జామినర్లు అడుగుతారు. డాక్టర్ సరే అన్నా ఆఖరి మాట ఎగ్జామినర్‌దే. గంజాయికి ఏ రాష్ట్రం కార్డు ఉన్నా ఇక్కడ పనికిరాదు. గంజాయి మొక్క నుంచి తీసే సీబీడీ నూనె వాడాను, అందుకే టెస్టులో టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) వచ్చింది అంటే కూడా ఒప్పుకోరు.

ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకి పని పోతుందన్న పాత మాట ఇంకా తిరుగుతోంది. 2018 నవంబరు 19 నుంచి ప్రత్యేక మినహాయింపు అక్కర్లేదు. మీ డాక్టర్ ఎంసీఎస్ఏ-5870 ఫారం నింపి సంతకం చేయాలి, ఆ సంతకం పడిన 45 రోజుల్లోపు ఫిజికల్ అవ్వాలి, కనీసం మూడు నెలల గ్లూకోజ్ రీడింగులు మీటర్ నుంచి చూపించాలి. అన్నీ బాగుంటే ఏడాదికి కార్డు వస్తుంది.

డ్రగ్ టెస్టు కూడా అదే బిల్డింగులో, వేరే గదిలో. సొంత బండి ఉన్నవాళ్ళం కన్సార్షియంలో (డ్రగ్ టెస్టులు నడిపే ఉమ్మడి సంస్థలో) చేరి ఉండాలి కాబట్టి ర్యాండమ్ పిలుపు (చీటీ తీసినట్టు ఎప్పుడైనా వచ్చేది) మాకూ వస్తుంది, 2020 నుంచి డ్రగ్ టెస్టుకి ఏటా డ్రైవర్ల సంఖ్యలో 50 శాతం చొప్పున తీస్తున్నారు. పిలుపు రాగానే బయలుదేరాలి, రేపు వెళ్తాను అంటే కుదరదు. జేబులు ఖాళీ చేయించారు, టాయిలెట్ నీళ్ళలో నీలం రంగు వేసి ఉంది, 45 మిల్లీలీటర్లు కావాలి, నాలుగు నిమిషాల్లోపు వేడి 90 నుంచి 100 ఫారెన్‌హీట్ మధ్య ఉందో లేదో చూస్తారు. మూత్రం రాకపోతే కంగారుపడొద్దు, మూడు గంటల టైం ఇస్తారు, 40 ఔన్సుల దాకా నీళ్ళు తాగొచ్చు. మధ్యలో విసుగొచ్చి వెళ్ళిపోతే మాత్రం నిరాకరించినట్టు రాస్తారు, అది పాజిటివ్‌తో సమానం.

శాంపిల్ తీసుకునే అమ్మాయికి నా మందుల చిట్టా చెప్పబోతే ఆపేసింది. నాకు చెప్పక్కర్లేదు సార్, ఫలితం చూసే డాక్టరు, ఎంఆర్ఓ ఫోన్ చేస్తే ఆయనకి చెప్పండి, గుర్తుకోసం కావాలంటే మీ కాపీ వెనక రాసుకోండి అంది. నిబంధన కూడా అదే. ఇందాక చెప్పిన ఆ వేరే క్లినిక్‌లో కౌంటర్ దగ్గర పదిమంది వింటుండగా ఏం మాత్రలు వాడతావు అని గట్టిగా అడిగారు, ఆ తేడా ఎంతో అప్పుడు తెలిసింది.

ఎంఆర్ఓ అంటే మెడికల్ రివ్యూ ఆఫీసర్, ల్యాబ్‌లో ఏదైనా కనబడితే కంపెనీకి చెప్పేముందు మనకి ఫోన్ చేసే డాక్టరు. ల్యాబ్ చూసేవి ఐదు రకాలు: గంజాయి, కొకైన్, యాంఫెటమిన్లు, ఓపియాయిడ్లు, పీసీపీ అనే మత్తు పదార్థం. బీపీ, షుగర్ మందులు ఇందులో ఎక్కడా లేవు, ఆ టెన్షన్ వదిలేయండి. నొప్పి మందులు హైడ్రోకోడోన్, ఆక్సీకోడోన్ ఆ ఓపియాయిడ్లలో 2018 జనవరి 1 నుంచి ఉన్నాయి. నాకు తెలిసిన ఒక తమ్ముడికి పన్ను పీకినప్పుడు హైడ్రోకోడోన్ ఇచ్చారు, తర్వాత ర్యాండమ్‌లో అది కనబడింది. తెలియని నంబరు అయినా ఫోన్ ఎత్తాడు, మందు సీసా మీద లేబుల్, ఫార్మసీ వివరాలు ఇచ్చాడు, ఎంఆర్ఓ సరిచూసుకుని నెగటివ్ అని తేల్చారు. కానీ ఆ మందుతో బండి నడపడం క్షేమమేనా అన్న ప్రశ్న విడిగా ఉంటుంది, దానికి మందు రాసిన డాక్టర్ ఎంఆర్ఓతో మాట్లాడడానికి ఐదు పనిదినాలు ఇస్తారు. ఆ సీసా మీద భార్య పేరు ఉంటే మాత్రం కథ వేరు, ఇంట్లోవాళ్ళకి రాసిన మాత్ర మనం వేసుకుంటే దానికి సమాధానం లేదు. పాజిటివ్ అన్నా, మన శాంపిల్ రెండో సీసా ఇంకో ల్యాబ్‌లో చూడమని అడగడానికి 72 గంటలు ఉంటుంది.

మనవాళ్ళకి ప్రత్యేకంగా రెండు మాటలు. ఊరి నుంచి తెచ్చుకున్న దగ్గు సిరప్‌లో కోడీన్ ఉందేమో లేబుల్ చూడండి, అది ఓపియాయిడే. ట్రమడాల్ ఆ ఐదింట్లో లేదు కానీ ఇక్కడ అది కంట్రోల్డ్ మందు, ఫిజికల్‌లో చెప్పాల్సిందే. ఇక గసగసాలు. మసాలాలో మనం వాడేవే, వాటిలో మార్ఫిన్, కోడీన్ కొద్దిగా ఉంటాయి. ఈ గోల వల్లే 1998లో ఓపియేట్ల హద్దు మిల్లీలీటరుకి 300 నానోగ్రాముల నుంచి 2,000కి పెంచారు, అయినా 15,000 దాటితే గసగసాలు తిన్నాను అన్న మాట వినరు. గసగసాలు దట్టించిన కూర తిన్న మర్నాడే పిలుపు వస్తే ఎందుకొచ్చిన గొడవ, నేనైతే ఇంట్లో వాటి బదులు జీడిపప్పు వేయమన్నాను.

ఇంత జాగ్రత్త ఎందుకంటే పాజిటివ్ వస్తే అది 2020 జనవరి 6న మొదలైన క్లియరింగ్‌హౌస్‌లో (డ్రైవర్ల డ్రగ్, మద్యం టెస్టుల కేంద్ర రికార్డులో) ఎక్కుతుంది, ఏ కంపెనీకి వెళ్ళినా కనబడుతుంది, 2024 నవంబరు 18 నుంచి రాష్ట్రం సీడీఎల్‌నే మామూలు లైసెన్సుకి తగ్గించేస్తోంది. మళ్ళీ రోడ్డెక్కాలంటే ఎస్ఏపీ (మత్తు అలవాట్ల నిపుణుడు) దగ్గరికి వెళ్ళి, ఆయన చెప్పిందంతా పూర్తి చేసి, మళ్ళీ టెస్టులు ఇవ్వాలి.

ఇక నచ్చనివి. 53 అడుగుల ట్రైలర్‌తో వెళ్ళకండి, తిప్పడానికి చోటు లేదు, బాబ్‌టెయిల్‌గా (ట్రైలర్ లేకుండా ముందు బండితోనే) వెళ్ళినా పక్క సందులో పెట్టాను. ఫోన్ చేస్తే ఎత్తరు, నేరుగా వెళ్ళి అపాయింట్‌మెంట్ తీసుకోవడమే నయం. ఫిజికల్‌కి 110 డాలర్లు, నా ఇన్సూరెన్స్ ఇవ్వలేదు. గురక, మెడ లావు చూసి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం) అనుమానం వస్తే ఆ పరీక్ష ఇక్కడ చేయరు, బయటికి పంపుతారు.

ఫలితం మర్నాడు అర్ధరాత్రిలోపు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, వీళ్ళు నేనుండగానే ఎక్కించి, కాగితం కార్డు కూడా చేతికిచ్చి, డీపీఎస్ (టెక్సస్‌లో లైసెన్సులు ఇచ్చే శాఖ) రికార్డులో పడిందో లేదో చూసుకోమన్నారు. మీరు వెళ్ళేటప్పుడు మందుల సీసాలు, డాక్టర్ ఉత్తరం, కళ్ళజోడు, సీప్యాప్ (ఆప్నియాకి రాత్రి పెట్టుకునే మెషీన్) వాడేవాళ్ళయితే దాని రిపోర్టు పట్టుకెళ్ళండి. కార్డు గడువుకి నెల ముందే వెళ్ళడం మంచిది, మీ డాక్టర్ ఆఫీసు నుంచి ఉత్తరం రావడానికే రోజులు పడుతుంది.