నీలం డ్రమ్ములు నీళ్ళకి కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి

హైదరాబాద్ చుట్టూ ఫ్యాక్టరీలుండే పటాన్‌చెరు, బొల్లారం, జీడిమెట్ల వైపు రోడ్డు పక్కన పేర్చి అమ్మే 200 లీటర్ల పాత నీలం డ్రమ్ములు ఇంటి నీళ్ళకి కొనకండి. నేను కొని దెబ్బతిన్నాను.

మాకు ట్యాంకర్ రెండు రోజులకోసారి వస్తుంది. రెండు డ్రమ్ములుంటే ఇబ్బంది ఉండదని పాతసామాను దుకాణానికి వెళ్ళాను. ఒక్కోటి 900 అన్నాడు. ఇందులో ఏముండేదని అడిగితే, "షుగర్ సిరప్ అన్నా, ఫుడ్ గ్రేడే" అంటూ అడుగున త్రికోణంలో ఉన్న 2 అంకె చూపించాడు. నమ్మేశాను. ఇంటికి తెచ్చి సర్ఫ్‌తో రెండుసార్లు కడిగి, రోజంతా ఎండబెట్టి నీళ్ళు పట్టాం. మూడో రోజు మధ్యాహ్నం మూత తీసిన అమ్మ చటుక్కున ముఖం తిప్పేసుకుంది. గోళ్ళరంగు చెరిపే మందు ఉంటుందే, అదే ఘాటు! అప్పటికే రెండు రోజులుగా ఆ నీళ్ళతోనే అంట్లు తోముతోంది, బియ్యం కడుగుతోంది. చేతుల నిండా దద్దుర్లు. డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చేదాకా మా టెన్షన్ అంతా ఇంతా కాదు. తిరిగొచ్చి డ్రమ్ము తిప్పి చూస్తే, గీకేసిన లేబుల్ ముక్క ఒకటి మిగిలి ఉంది. ఎర్ర డైమండ్‌లో మంట బొమ్మ, అంటే తేలిగ్గా అంటుకునే కెమికల్ అని గుర్తు.

ఆ 2 అంకె ప్లాస్టిక్ హెచ్‌డీపీఈ (గట్టి పాలిథిన్ రకం) అని చెబుతుంది, అంతే. ఫుడ్ గ్రేడ్‌కీ దానికీ సంబంధం లేదు. హెచ్‌డీపీఈ కొన్ని సాల్వెంట్లని, అంటే రంగులూ జిడ్డూ కరిగించే ద్రవాలని, లోపలికి పీల్చుకుంటుంది. కడిగితే పైన అంటుకున్నది పోతుంది. లోపలికి ఇంకినది ఎండకి వేడెక్కి మెల్లగా నీళ్ళలోకి దిగుతుంది. అందుకే కడిగిన రోజు వాసన రాదు.

2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూల్లో, కెమికల్ అంటిన ఖాళీ డ్రమ్ములు 33.1 కింద విడిగా ఉన్నాయి. అంటే డ్రమ్ము ఖాళీ అయినా అది ప్రమాదకర వ్యర్థమే. ఫ్యాక్టరీ వాటిని పొల్యూషన్ బోర్డు అనుమతి ఉన్నవాళ్ళకే, మ్యానిఫెస్ట్ (ఏ వ్యర్థం ఎవరికి పంపారో రాసే) కాగితం రాసి పంపాలి. కాగితం చూపించమంటే దుకాణదారు నవ్వాడు. "అందరూ వాడుతున్నారు" అన్నాడు. డబ్బులూ వెనక్కివ్వలేదు.

కొనేముందు డ్రమ్ము పైభాగంలో పోతపోసిన అక్షరాలు చదవండి. చిన్న వలయంలో ఒకదాని కింద ఒకటి యూ, ఎన్ అక్షరాలు, పక్కన 1హెచ్1 లాంటి కోడ్ ఉంటే, ప్రమాదకర సరుకు రవాణాకి పరీక్షించి చేసిన డ్రమ్ము అన్నమాట. దాన్ని అక్కడే వదిలేయండి. ఆ గుర్తు లేనంత మాత్రాన మంచిదనీ అనుకోకండి, ముందు ఏం పోశారో రుజువు ఉండదు.

నా ముందు ఒకాయన గేదెల కుడితికని సగానికి కోయించుకున్నాడు. అది ఇంకా ప్రమాదం. లోపల మండే ఆవిరి మిగిలి ఉంటే గ్రైండర్ నిప్పురవ్వకి డ్రమ్ము పేలొచ్చు. ఇనుప డ్రమ్ములు కోసి పొయ్యిలు చేయించుకునేవాళ్ళకీ ఇదే మాట. ఎవరైనా అడిగితే గట్టిగా ఆపండి.

మా రెండు డ్రమ్ములూ మూతలు బిగించి, "నీళ్ళు పట్టకూడదు" అని ఎర్ర పెయింట్‌తో రాసి గోడ పక్కన పెట్టాను. పొల్యూషన్ బోర్డు రీజినల్ ఆఫీసులో ఫొటోలతో ఫిర్యాదు రాసిచ్చాను. నీళ్ళకి ఐఎస్ఐ మార్కుతో ఐఎస్ 12701 (ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకుల ప్రమాణం) అని ఉన్న కొత్త చిన్న ట్యాంకు కొన్నాం. అమ్మ చేతుల మీద దద్దుర్లు ఇప్పుడిప్పుడే తగ్గుతున్నాయి.